ఒంట్లో రేడియేషన్ ఎక్కడిది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా మెట్రో స్తంభాల కిందుగా సాగే రోడ్డులో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులూ కనిపిస్తూ ఉంటాయి. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై అన్న పేర్లు అందరికీ నోటికి వచ్చేశాయి. బోన్ స్కాన్, థైరాయిడ్ స్కాన్, పెట్ స్కాన్ అన్న మాటలు కూడా ఇప్పుడు ఇళ్ళల్లో వినబడుతున్నాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎడమకు తిరిగి నాగోలు, ఉప్పల్ దాటి ఇంకా ఉత్తరానికి వెళితే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. మన అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. 1971లో ఏర్పడిన ఆ సంస్థను అందరూ ఎన్‌ఎఫ్‌సీ అంటారు. దాని పొరుగునే ఉన్న ఈసీఐఎల్ 1967లో పుట్టింది. రేడియేషన్‌ను కనిపెట్టే పరికరాలు దాని తయారీల్లో ఒక భాగం. అంటే ఒకే నగరంలో రెండు రకాల పనులు జరుగుతున్నాయి. ఆసుపత్రుల్లో రోగం ఆచూకీ కోసం రేడియోధార్మిక పదార్థాన్ని మనిషి ఒంట్లోకి కావాలని పంపిస్తారు. అణు ఇంధన పరిశ్రమలో అలాంటి పదార్థం ఏదీ ఒంట్లోకి పోకుండా కాపలా కాస్తారు, పోయిందేమోనని పరీక్షలు చేస్తారు. ఈ రెండూ ఒకే మనిషి ఒంట్లో ఎదురుపడితే ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. స్కాన్ కోసం ఎక్కించిన మందు ఆ రెండో పరీక్షను తప్పుదారి పట్టించగలదు. ఆ తప్పు రెండు వైపులా జరగగలదు. రెండింటిలో ఎక్కువ భయపడవలసింది మనం మామూలుగా భయపడే దానికి కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ కాపలా పరీక్షల సంగతి. బయట నుంచి పడే రేడియేషన్‌ను కొలవడానికి ఉద్యోగి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటే చాలు. గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయిన యురేనియం ధూళిని గానీ, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథిలో చేరిన అయొడిన్‌ను గానీ, నీళ్ళతో పాటు కడుపులోకి పోయిన ట్రిటియాన్ని గానీ ఆ బ్యాడ్జి పట్టుకోలేదు. ఒంట్లోకి పోయినదాన్ని పట్టుకోవడానికి దారులు రెండు. ఒకటి, మనిషిని మందపాటి ఉక్కు గదిలో పడుకోబెట్టి లేదా కూర్చోబెట్టి అతని ఒంట్లో నుంచి బయటికి వచ్చే గామా కిరణాలను సున్నితమైన పరికరాలతో లెక్కపెట్టడం. దీన్ని హోల్ బాడీ కౌంటింగ్ అంటారు. ఊపిరితిత్తులకో, థైరాయిడ్‌కో విడిగా చేసే కొలతలూ ఉన్నాయి. రెండోది, మూత్రాన్ని సేకరించి ల్యాబ్‌లో పరీక్షించడం. ఆ ఉక్కు గది ఎందుకంటే, గోడల్లోనూ నేలలోనూ సహజంగా ఉండే రేడియోధార్మికత కూడా కొలతకు అడ్డం రాకూడదని. అంత జాగ్రత్త పడవలసినంత చిన్న పరిమాణాల కోసం ఆ వెతుకులాట. ఒక మిల్లీగ్రాము సహజ యురేనియంలో సెకనుకు సుమారు 25 పరమాణువులు మాత్రమే విచ్ఛిన్నమవుతాయి. శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే 25 బెకరెల్‌లు. అందులో యురేనియం-235 వాటా ఒక బెకరెల్ కూడా ఉండదు. మనందరి ఒంట్లో పుట్టుకతో ఉండే పొటాషియం-40 ఒక్కటే నాలుగు వేల బెకరెల్‌ల పైమాట. అది అందరిలోనూ ఉంటుంది కనుక, దాని గుర్తు తెలుసు కనుక, దాన్ని పక్కన పెట్టి మిగతాదాన్ని వెతుకుతారు.

ఇక స్కాన్ల సంగతి. ఇక్కడ జనంలో ఒక గందరగోళం ఉంది. ఎక్స్‌రే తీసినా, సీటీ తీసినా కిరణాలు బయటి యంత్రం నుంచి వచ్చి ఒంటి గుండా పోతాయి. యంత్రం ఆగిన మరుక్షణం అవీ ఆగిపోతాయి. ఒంట్లో రేడియోధార్మికత ఏమీ మిగలదు. ఎమ్మారైలో, అల్ట్రాసౌండ్‌లో ఆ ప్రశ్నే రాదు. సీటీ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కూడా రేడియోధార్మికమైనది కాదు. న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్లలో మాత్రం వ్యవహారం తలకిందులు. అక్కడ కిరణాలు మనిషి లోపలి నుంచే బయటికి వస్తాయి, యంత్రం వాటిని అందుకుంటుంది. నరంలోకి ఎక్కించే ఆ రేడియోధార్మిక మందును ట్రేసర్ అంటారు. ఎముకల కోసం, గుండె కోసం, థైరాయిడ్ కోసం ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎమ్. పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడేది ఫ్లోరిన్-18 కలిపిన చక్కెర పదార్థం. గుండెకు థాలియం-201 వాడకం కూడా ఉంది. థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నప్పుడు, థైరాయిడ్ క్యాన్సర్‌లో, చికిత్స కోసమే అయొడిన్-131 ఇస్తారు. పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ఈ విభాగాలు చాలాకాలంగా పనిచేస్తున్నాయి. ఇవి ప్రాణాలు నిలబెడుతున్న పరీక్షలు. వాటి మీద అనుమానం పుట్టించడం ఈ వ్యాసం ఉద్దేశం కానే కాదు.

పరిమాణాలు పోల్చి చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. బోన్ స్కాన్‌కు మామూలుగా ఇచ్చే మోతాదు 20 మిల్లీక్యూరీలు, అంటే 74 కోట్ల బెకరెల్‌లు. పెట్ స్కాన్‌కు 10 మిల్లీక్యూరీలు అనుకుంటే 37 కోట్లు. పదుల్లో, వందల్లో వెతికే కొలత ముందు కోట్లు వచ్చి నిలబడతాయి. అవి త్వరగా కరిగిపోతాయి, అది మన అదృష్టం. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. ఒక రోజు గడిచేసరికి 37 కోట్లు కాస్తా సుమారు 42 వేలు. అది కూడా మన సహజ పొటాషియం కంటే పది రెట్లు. రెండో రోజు ముగిసేసరికి ఐదు. టెక్నీషియం ప్రతి ఆరు గంటలకు సగమవుతుంది. మూడో రోజు చివర 74 కోట్లలో ఇంకా లక్షా ఎనభై వేలు ఉంటాయి. ఐదో రోజు చివర ఏడు వందలు, వారానికి మూడు. మూత్రం ద్వారా పోయేది ఈ లెక్కలో కలపలేదు, కనుక వాస్తవంలో ఇంకా తక్కువే ఉంటుంది. థాలియం-201 సగం కావడానికి 73 గంటలు, అయొడిన్-131 సగం కావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. కొన్ని అరుదైన క్యాన్సర్లలో, ప్రొస్టేట్ క్యాన్సర్‌లో చికిత్సకు ఇచ్చే లుటీషియం-177కు ఆరున్నర రోజుల పైన పడుతుంది. అందులో కొన్ని రకాల తయారీల్లో లుటీషియం-177ఎమ్ అనే మలినం అతి స్వల్పంగా ఉంటుంది. అది సగం కావడానికి 160 రోజులు కావాలి. కనుక 'ఎన్ని రోజులు ఆగాలి' అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ మందు అన్నది తెలియకుండా ఆ ప్రశ్న వేయడమే దండగ.

కోట్ల బెకరెల్‌ల మందు ఉన్నా, కిరణాల శక్తిని బట్టి ఇది ఫలానా మూలకం అని గుర్తుపట్టవచ్చు కదా అనిపిస్తుంది. గామా కిరణాలు ఇచ్చే ప్రతి రేడియోధార్మిక పదార్థం తనకంటూ కొన్ని నిర్ణీత శక్తులున్న కిరణాలనే విడుదల చేస్తుంది, దాన్ని బట్టే గుర్తింపు. అయితే, యురేనియంతో పనిచేసే నగరంలో ఉన్నవాళ్ళు గమనించవలసిన ఒక విచిత్రం ఇక్కడ ఉంది. ఊపిరితిత్తుల్లో యురేనియం ఉందో లేదో చూడడానికి ప్రధానంగా ఆధారపడే గుర్తులు రెండు. యురేనియం-235 నుంచి వచ్చే 185.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం ఒకటి. యురేనియం-238 సంతతి అయిన థోరియం-234 నుంచి 93కు కాస్త తక్కువలో వచ్చే జంట కిరణాలు రెండోది. ఇన్‌ఫెక్షన్లనూ కొన్ని రకాల క్యాన్సర్లనూ వెతకడానికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్న గాలియం-67 అనే ట్రేసర్ కిరణాలు ఎక్కడ వస్తాయో చూడండి: 93.3 దగ్గర ఒకటి, 184.6 దగ్గర ఇంకొకటి. రెండు గుర్తులకు రెండూ దాదాపు అక్కడే. ఇప్పుడు గాలియం-67 వాడకం తగ్గి, దాని స్థానంలో వేరే పద్ధతులు వస్తున్నాయి. రోజూ వాడే టెక్నీషియం విషయం చూద్దాం. దాని కిరణం 140.5 దగ్గర వస్తుంది. యురేనియం-235కు 143.8 దగ్గర ఇంకో కిరణం ఉంది. ఖరీదైన జర్మేనియం పరికరం ఈ రెండింటినీ విడదీస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉండే సోడియం అయొడైడ్ పరికరానికి ఆ తేడా కనిపించదు, రెండూ ఒకే గుట్టగా కలిసిపోతాయి.

కిరణాల శక్తులు కలవకపోయినా ఇబ్బంది తప్పదు. పెద్ద శక్తి ఉన్న కిరణాలు ఒంటి కణజాలంలో చెదిరి, శక్తి కోల్పోయి, తక్కువ శక్తుల దగ్గర పొగమంచులా పరుచుకుంటాయి. ఫ్లోరిన్-18 వల్ల పుట్టే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు అలాగే కిందికి దిగుతాయి. సరిగ్గా యురేనియం గుర్తులు ఉండేది ఆ కింది భాగంలోనే. అప్పుడు యంత్రం తప్పుడు అలారం ఇవ్వకపోవచ్చు. అంతకంటే నిశ్శబ్దమైన తప్పు చేస్తుంది: నిజంగా ఉన్న కొద్దిపాటి యురేనియాన్ని చూడలేకపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ముందు సాయంత్రం ఆరు గంటలకు ఎవరైనా చెవిలో గుసగుసగా చెప్పిన మాట లాంటిది అది, అన్నారో అనలేదో తేల్చలేం.

తప్పుడు అలారాల కథలు ప్రపంచానికి బాగానే తెలుసు. 2002లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక లేఖ వచ్చింది. థైరాయిడ్ చికిత్స కోసం అయొడిన్-131 తీసుకున్న 34 ఏళ్ళ న్యూయార్క్ వాసిని, మందు తీసుకున్న మూడు వారాల లోపే, సబ్‌వే స్టేషన్లలో పోలీసులు రెండుసార్లు ఆపి బట్టలు విప్పించి సోదా చేశారని అతని వైద్యులు అందులో రాశారు. రోగుల వల్ల రేడియేషన్ అలారాలు మోగుతున్నాయని 2003లో అక్కడి అణు నియంత్రణ సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది. 2004లో లయొనెల్ జుకియర్ బృందం భద్రతా సిబ్బంది వాడే చిన్న పరికరాలతో లెక్కకట్టి చూసింది. పెట్ స్కాన్ తర్వాత ఒక రోజు లోపు, టెక్నీషియం స్కాన్ల తర్వాత మూడు రోజులు, థాలియం తర్వాత 30 రోజుల దాకా, అయొడిన్ చికిత్స తర్వాత 95 రోజుల దాకా అలారం మోగే అవకాశం ఉందని తేల్చింది. ఈ సంగతి మన నగరం తూర్పు కాలనీల్లో చాలా ఇళ్ళకు దగ్గరిదే. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయే ముందు ఒంట్లో ఉన్న జబ్బులన్నీ ఇక్కడే చూపించుకుని, స్కాన్లు తీయించుకుని, వారంలో విమానం ఎక్కే తల్లిదండ్రులు ఎందరో. అక్కడ దిగాక రేడియేషన్ అలారం మోగితే భాష రాని పెద్దవాళ్ళకు ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లలో మనం దాటే చట్రాలు లోహాన్ని పట్టేవి, వాటికి ట్రేసర్‌తో సంబంధం లేదు. స్కాన్ తీయించుకుని మెట్రో ఎక్కితే మోగుతుందేమోనన్న భయం అక్కర్లేదు.

తప్పుడు అలారం అవమానకరం, చికాకు. అయినా దాన్ని సరిదిద్దవచ్చు: చీటీ చూపిస్తారు, కాసేపట్లో తేలిపోతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం దీనికి ఎదురు దిశలో ఉంది. అలారం మోగగానే 'ఓ, స్కాన్ తీయించుకున్నారా, అయితే దానివల్లే' అని ఫైలు మూసేయడంలో ఉంది. 2011లో జరిగిన ఒక ఘటన దీనికి గట్టి సాక్ష్యం. అమెరికా సరిహద్దు తనిఖీల్లో ఇద్దరు మనుషుల దగ్గర రేడియేషన్ బయటపడింది. ఇద్దరూ నెలల కిందట గుండెకు రుబీడియం-82తో పెట్ స్కాన్ తీయించుకున్నవాళ్ళే. కారణం దొరికింది కదా అని వదిలేయవచ్చు. అయితే రుబీడియం-82 సగం కావడానికి 76 సెకన్లు చాలు. నెలల తర్వాత దాని జాడ కూడా ఉండడానికి వీల్లేదు. విచారిస్తే బయటపడిందేమిటంటే, ఆ రుబీడియాన్ని తయారుచేసే జనరేటర్ పరికరం నుంచి స్ట్రాన్షియం-82, స్ట్రాన్షియం-85 కూడా మందుతో పాటు రోగుల ఒంట్లోకి జారిపోయాయి. వాటిలో ఒకటి సగం కావడానికి 25 రోజులు, ఇంకోదానికి 65 రోజులు పడుతుంది. ఆ ఏడాది జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది, తయారీదారు ఆ పరికరాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు. స్కాన్ అన్న మాట వినగానే తృప్తిపడి ఉంటే, ఒంట్లో ఉండకూడనిది ఉందన్న సంగతి ఎప్పటికీ తేలేది కాదు. 'ఏ మందు, ఏ రోజు' అని అడిగి, ఆ మందు అర్ధాయువుతో, అంటే సగం కావడానికి పట్టే కాలంతో, లెక్క సరిపోతుందో లేదో చూడడం వల్లే నిజం బయటికి వచ్చింది.

మన పొరుగునే ఇంకో పాఠం ఉంది. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగులు తాగే నీళ్ళ కూలర్‌లో ఎవరో ట్రిటియం ఉన్న భారజలం కలిపారు. యాభై మందికి పైగా ఉద్యోగుల ఒంట్లోకి అది పోయింది. ట్రిటియం గామా కిరణాలు ఇవ్వదు కనుక హోల్ బాడీ కౌంటర్ దాన్ని చూడలేదు. మామూలుగా జరిగే మూత్ర పరీక్షల్లోనే అది దొరికింది. అలాంటి రోజున ఒక ఉద్యోగి మూత్రంలో ముందు రోజు ఎక్కించిన టెక్నీషియం ఉందనుకోండి. ట్రిటియం కోసం ద్రవంలో వెలుగు చుక్కలను లెక్కపెట్టే యంత్రం ఆ టెక్నీషియం వల్ల కలిగే చుక్కలను కూడా లెక్కలో వేసుకుంటుంది. మూత్రాన్ని ముందు మరిగించి ఆవిరిని చల్లార్చి తీసుకుంటే, ట్రిటియం నీళ్ళతో పాటు వస్తుంది, టెక్నీషియం కింద మిగిలిపోతుంది. అది ల్యాబ్‌కు తెలిసిన పనే, మందు సంగతి ముందే చెబితే. చెప్పకపోతే ఒక అమాయకుడి పేరు మీద అనవసరమైన విచారణ నడుస్తుంది. లేదా 'ఇతనికి స్కాన్ ఉంది' అన్న కారణంతో నిజమైన ట్రిటియం లెక్కలోంచి జారిపోతుంది.

మంచి యంత్రాలు కొంటే సరిపోతుంది కదా అనేవాళ్ళు ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది. జర్మేనియం పరికరం టెక్నీషియాన్నీ యురేనియాన్నీ విడదీయగలదు. గాలియం-67కు 300 దగ్గర మూడో కిరణం కూడా ఉంది, అది కనబడితే గాలియమే అని చెప్పవచ్చు. మూత్రంలో యురేనియాన్ని దాని కిరణాలతో సంబంధం లేకుండా, దాని పరిమాణాన్నే నేరుగా కొలిచే పద్ధతులున్నాయి. వాటి మీద ట్రేసర్ల ప్రభావం పడదు. యురేనియం మూత్రపిండాలకు విషం లాంటిది కనుక ఆ కొలత ఎలాగూ అవసరం. అయితే యంత్రం ఒక పదార్థం పేరు చెప్పగలదు గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. ఒక న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్ గొంతులో అయొడిన్-131 కనబడింది. అది పనిచేసే గదిలో పీల్చిందా, తన సొంత చికిత్సలోదా? రెండూ ఒకే పదార్థం, ఒకే కిరణం. ఎంత ఖరీదైన పరికరమూ ఆ తేడా చెప్పదు. అంతేకాదు, అయొడిన్ చికిత్స తీసుకున్న మనిషి చెమటలో, ఉమ్మిలో, మూత్రంలో ఆ మందు కొన్నాళ్ళు వస్తుంది. భార్యకు చికిత్స జరిగితే, ఎన్‌ఎఫ్‌సీలోనో ఏదో ఆసుపత్రిలోనో పనిచేసే భర్త ఒంట్లో కూడా కొద్దిగా చేరవచ్చు. అతను ఏ స్కాన్‌కూ వెళ్ళలేదు, అబద్ధమూ ఆడడం లేదు. అందుకే అడిగేటప్పుడు 'మీకు స్కాన్ అయిందా' అన్నదొక్కటే సరిపోదు, 'ఇంట్లో ఎవరికైనా అయిందా' అని కూడా అడగాలి.

స్కాన్ అయిన ఉద్యోగి పరీక్షను కొన్నాళ్ళు వాయిదా వేస్తే సరి కదా అన్నది ఇంకో వాదన. ఏటా జరిగే మామూలు పరీక్షకు అది చక్కగా సరిపోతుంది. మందు పేరు తెలిస్తే వాయిదా ఎన్ని రోజులో కూడా లెక్కకట్టవచ్చు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం ఆగడానికి వీల్లేదు. ఒంట్లోకి పోయిన పదార్థం ఎంతో మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో తేలితేనే చికిత్స ఉపయోగపడుతుంది. అప్పుడు చేయవలసింది, ఉన్నది ఉన్నట్టు కొలిచి, మరునాడు మళ్ళీ కొలవడం. పెట్ స్కాన్ మందు ఒక రోజులో సుమారు తొమ్మిది వేలవ వంతుకు పడిపోతుంది. టెక్నీషియం పదహారో వంతుకు వస్తుంది. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న యురేనియం ధూళి ఒక్క రోజులో అలా తగ్గదు. రెండు కొలతల మధ్య తరుగుదలే చాలావరకు జవాబు చెబుతుంది. ఈ పద్ధతిలో గొప్ప సాంకేతికత ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. బోన్ స్కాన్ అంటే క్యాన్సర్ అనుమానమేమోనని యాజమాన్యం అనుకుంటుంది, పదోన్నతి ఆగిపోవచ్చు, తోటివాళ్ళ చూపు మారిపోవచ్చు. ఉద్యోగి తన జబ్బు గురించి ఎందుకు చెప్పాలి? చెప్పకూడదు, చెప్పవలసిన పని కూడా లేదు. పరీక్ష చేసేవారికి కావలసినవి మూడే సంగతులు: ఏ మందు, ఎంత, ఏ తేదీన. ఎందుకన్నది అడగనక్కర్లేదు. టెక్నీషియం గుండెకు వాడతారు, ఎముకకు వాడతారు, థైరాయిడ్‌కు, మూత్రపిండాలకు కూడా వాడతారు. ఆ పేరు ఒక్కదాన్ని బట్టి జబ్బు చెప్పలేరు. ఆ సమాచారం పరీక్షా విభాగం దాటి పోకూడదన్న నియమం కూడా రాతపూర్వకంగా ఉండాలి. చెప్పినందుకు నష్టం జరుగుతుందన్న భయం ఉన్నచోట జనం దాచిపెడతారు. దాచిపెడితే కొలతలన్నీ అనుమానంలో పడతాయి. ఇది ఉద్యోగుల తప్పు కాదు, వాళ్ళకు భరోసా ఇవ్వలేని వ్యవస్థ తప్పు. వైద్యం కోసం పొందిన రేడియేషన్ ఉద్యోగపు మోతాదు పరిమితిలోకి రాదన్న సంగతి కూడా వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో ఉద్యోగులకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్న పరిమితి ఉంది. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి దాన్ని అమలుచేస్తుంది. ఒక పెట్ స్కాన్‌లో మందు వల్ల వచ్చే మోతాదు సుమారు 7, బోన్ స్కాన్‌లో సుమారు 4. అవి ఆ 20లోంచి తీసేసేవి కావు. బ్యాడ్జి పెట్టుకుని స్కాన్‌కు వెళితే, లేదా స్కాన్ అయిన మరునాడే బ్యాడ్జితో డ్యూటీకి వస్తే మాత్రం సొంత ఒంట్లోని కిరణాలే బ్యాడ్జి మీద పడతాయి, అవి ఉద్యోగంలో తగిలినట్టు నమోదవుతాయి. స్కాన్‌కు వెళ్ళేటప్పుడు బ్యాడ్జిని ఆఫీసులోనే ఉంచాలన్న చిన్న జాగ్రత్తను ఎంత చెప్పినా ఎక్కువ కాదు.

ఇదంతా అరుదుగా జరిగేది, దీని గురించి రాస్తే జనం స్కాన్లకే భయపడతారన్న మాట కూడా వినిపిస్తుంది. ఒక్కో ఉద్యోగి విషయంలో అరుదే. ఒక నగరం మొత్తాన్ని పరీక్షించవలసి వచ్చినప్పుడు అరుదు కాదు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో పాడుబడ్డ క్లినిక్‌లో వదిలేసిన సీజియం-137 పెట్టెను తుక్కు కోసం విప్పారు. ఆ తర్వాత అక్కడి స్టేడియంలో వరసలు కట్టించి లక్షా పన్నెండు వేల మందికి పైగా పరీక్షించారు. 249 మందికి రేడియోధార్మిక పదార్థం అంటుకున్నట్టు తేలింది. మన దగ్గర అలాంటి రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే, సరూర్‌నగర్ స్టేడియం లాంటి చోట బారులు తీరే జనంలో ఆ వారంలో స్కాన్ తీయించుకున్నవాళ్ళు కచ్చితంగా ఉంటారు. గేటు దగ్గరే ఆ ఒక్క ప్రశ్న అడిగి వాళ్ళను వేరే వరసలోకి పంపితే, అసలు బాధితులను వెతికే పని చురుగ్గా సాగుతుంది. అడగకపోతే లోపల పరికరాల ముందు గందరగోళం మొదలవుతుంది. వేరే వరస అంటే వదిలేయడం కాదు, వాళ్ళను మరింత జాగ్రత్తగా, రెండుసార్లు కొలవడం. ఇక స్కాన్లకు భయపడతారన్న మాటకు నా జవాబు ఒక్కటే. ఒంట్లోకి ఏం ఎక్కించారో, ఎన్నాళ్ళుంటుందో, ఎప్పుడు పోతుందో అంకెలతో తెలిసిన మనిషికి భయం తగ్గుతుంది.

ఈ పనికి కొత్త చట్టాలు అక్కర్లేదు, కోట్ల ఖర్చూ అక్కర్లేదు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రి రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు మందు పేరు, మోతాదు, తేదీ, ఎన్ని రోజుల దాకా పరికరాలు పసిగట్టవచ్చో, సందేహం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాసిన ఒక చీటీ ఇవ్వాలి. అది తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి, ఎందుకంటే ఇక్కడి అమ్మానాన్నలు దాన్ని విదేశీ విమానాశ్రయంలోనూ చూపించవలసి రావచ్చు. రేడియేషన్ పరీక్షలు చేసే ప్రతి సంస్థ కొలత మొదలుపెట్టే ముందు ఫారంలో మొదటి ప్రశ్నగా గడచిన మూడు నెలల్లో తనకు గానీ ఇంట్లోవాళ్ళకు గానీ ఇలాంటి మందు ఇచ్చారా అని అడగాలి. ఆరు నెలల పాటు ఒంట్లో ఉండగల మందులు తీసుకున్నవాళ్ళ కోసం ఇంకో గీత అదనంగా ఉంచాలి. మీరు గానీ మీ ఇంట్లోవాళ్ళు గానీ బోన్ స్కాన్‌కో, పెట్ స్కాన్‌కో, అయొడిన్ చికిత్సకో వెళుతుంటే, రిపోర్టుతో పాటు ఆ చీటీ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే మందు పేరూ తేదీ అయినా కాగితం మీద రాయించుకుని, కనీసం మూడు నెలలు దగ్గర పెట్టుకోండి.